నూట ముప్పై నాలుగున్నర పౌన్లు

1936 జూలైలో మద్రాసు నుంచి మా జిల్లాకు ఒక ఉత్తరం వచ్చింది. ప్రెసిడెన్సీ బాక్సింగు పోటీలకు ప్రతి జిల్లా నుంచీ తూకం తరగతికి ఒక్కొక్కణ్ణి పంపవచ్చుననీ, అయితే ఆ మనిషి తన తరగతిలో జిల్లాకల్లా మేటి అని ముగ్గురు సభ్యుల సంఘం విచారించి సంతకాలు పెట్టాలనీ దాని సారాంశం. ఆ ముగ్గురిలో నేనొకణ్ణి. అప్పటికి ఏలూరులో ఒక మిషను హైస్కూల్లో ఫిజికల్ ట్రైనింగ్ ఇన్‌స్ట్రక్టరుగా ఆరేళ్ల సర్వీసు ఉంది నాకు. హోదా పేరు అంత పొడుగే గాని ఊళ్లో అందరికీ నేను డ్రిల్లు మేష్టారునే. సంఘానికి అధ్యక్షుడు ఏలూరు ఆస్పత్రి డాక్టరు గారు. మూడో ఆయన పింఛను పుచ్చుకుంటున్న పోలీసు ఇన్‌స్పెక్టరు. ఆయన ఖాళీ కాయితం మీద ముందే సంతకం పెట్టేసి నిడదవోలులో కూతురింటికి వెళ్లిపోయాడు కాబట్టి ఈ కథలో మళ్లీ రాడు.

విచారణ చేసి ధ్రువీకరించవలసిన మనిషి ఎవరో ఎవరూ చెప్పనక్కర్లేదు. గూడెం ఏసుపాదం.

తాడేపల్లిగూడెంలో ఒక బియ్యం మిల్లులో ఇంజనుకు ఊక ఎగదోసే ఫైర్‌మ్యాన్ పని అతనిది. వయసు ఇరవై రెండు. లైట్ వెయిట్ తరగతిలో మూడేళ్లుగా ఓటమి లేదు. అతని పోటీ ఉందంటే అత్తిలి నుంచి జనం రైలు మారి మరీ వచ్చేవారు. కాఫీ హోటళ్లలో అతని కుడిచేతి మీద వాదాలు జరిగేవి. మద్రాసులో గెలిచినవాడికి రైల్వేలో ఫిట్టరు ఉద్యోగం ఇస్తారని ఆ రోజుల్లో గట్టిగా చెప్పుకునేవారు. ఏసుపాదానికి కావలసింది అదే. ఊక పొగలో పదేళ్లుంటే ఊపిరితిత్తులు ఏమవుతాయో అతను తన తండ్రిని చూసి తెలుసుకున్నాడు. ఉత్తరం వచ్చిందని తెలిసిన వారంలోనే ఒక రేకుపెట్టె కొని, దాని మీద తెల్లరంగుతో పేరు రాయించుకున్నాడు. పేరు కింద 'మద్రాసు' అని కూడా రాయించాడు.

ఈ విద్య తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. బాక్సింగులో ముందు తూకం, తర్వాతే గుద్దు. నూట ఇరవై ఆరు పౌన్ల దాకా ఫెదర్ వెయిట్, నూట ముప్పై అయిదు దాకా లైట్ వెయిట్, నూట నలభై ఏడు దాకా వెల్టర్ వెయిట్. ఒక పౌను ఎక్కువైనా పై తరగతికి పోవలసిందే. కారణం మొరటుదే. ఒకే నేర్పు ఉన్న ఇద్దరిలో ఎనిమిది పౌన్లు ఎక్కువున్నవాడు కొట్టే దెబ్బ తక్కువున్నవాడి ఎముక దాకా పోతుంది. పోటీ రోజు ఉదయం డాక్టరు గుండె, కళ్లు, చేతి వేళ్లు చూస్తాడు. తర్వాత తూకం. సాయంత్రం మూడు రౌండ్లు. తూకం అంకె ఒక కాయితం మీద రాసి తూకం అధికారి సంతకం పెడతాడు. ఆ సంతకం పడ్డాక ఆ అంకెను ప్రశ్నించే హక్కు ఎవరికీ లేదు. మా జిల్లాలో ఆ తూకం అధికారిని నేను.

తూకం అంటే సరి, కాటా ఏది? ఆస్పత్రిలో మనుషుల్ని తూచే మిషను గోడకు బిగించి ఉండేది, దాన్ని కదపనిచ్చేవారు కాదు. బియ్యం మిల్లుల కాటాలు బస్తాలు తూచేందుకు పనికొచ్చేవే గాని అరపౌను తేడా వాటికి ఆనదు. చివరికి భీమడోలు స్టేషను పక్కన చేపల యార్డు వర్తకుడు తన కాటా ఇస్తానన్నాడు. ఇంగ్లీషు కంపెనీ కాటా, పౌన్లలో చెబుతుంది, ఏటేటా సర్కారు ముద్ర పడుతుంది. దానితో పాటు తూచే మనిషిని కూడా పంపేవాడు. అతని పేరు వీరాస్వామి. అరవై ఏళ్లుంటాయి. కొల్లేటి చేప రైలెక్కాలంటే ముప్పై ఏళ్లుగా అతని చేతి మీదుగానే పోవాలి. అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ అతని మాట మీద నిలబడేవారంటే ఆలోచించండి, అది మామూలు సంగతి కాదు.

పోటీ రోజు పొద్దున్నే కాటా బండి మీద మా స్కూలు ఆవరణలోకి వచ్చేది. బాక్సరు బల్ల మీదికెక్కి నిలబడతాడు. వీరాస్వామి అంకెల గీతలున్న దండె మీద గుండు జరిపి, ఒక్క క్షణం చూసి, అంకె పిలిచి, టక్కున దండె దించేస్తాడు. నేను పక్కన మేజా దగ్గర కూర్చుని ఆ అంకె రాసుకుని సంతకం పెడతాను. నిబంధనల పుస్తకంలో తూకం ఇద్దరు కళ్లతో చూడాలని ఉంది. నేనా పుస్తకం మూడుసార్లు చదివాను, మా పిల్లలకు పాఠంగా కూడా చెప్పాను. కానీ వీరాస్వామి తూచిన దాన్ని లేచి వెళ్లి చూడటం ఆ పెద్దమనిషిని అనుమానించినట్టు ఉంటుందని నాకు మొహమాటం.

ఏసుపాదం ప్రతిసారీ నూట ముప్పై నాలుగున్నర తూగేవాడు. ఒకసారి మాత్రం నూట ముప్పై నాలుగు. డాక్టరు గారు ఒకనాడు అతని భుజాలు తట్టి, వీడి ఎముకలు బోలువేమో మేష్టారూ, ఇంత మనిషి ఇంత తక్కువ తూగడమేమిటని నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి. బాక్సర్లు తూకం రోజున స్నానం చేసేవారు కాదు. ఒళ్లు నీళ్లు పీలుస్తుందనీ, తూకం పెరుగుతుందనీ వాళ్లు సాధన చేసే తాలింఖానాల్లో ఒక నమ్మకం. ముందు రోజు నుంచే మంచినీళ్లు కూడా మానేసి, పెదాలు ఎండగట్టుకుని వచ్చేవారు. ఏసుపాదం ఒక్కడే ఈ నమ్మకాన్ని లెక్కచేయలేదు. పెద్ద పనికి వెళ్లేముందు తలమునకలా స్నానం చేసి ప్రార్థన చేసుకోవాలని వాళ్ల నాన్న నేర్పిన అలవాటు. ఏలూరు కాలవలో మూడు మునకలు వేసి, ప్రార్థన ముగించి, తడి నిక్కరుతో, జుట్టు కారుతూ తిన్నగా కాటా ఎక్కేవాడు. వాడి ధైర్యం చూడండని జనం మెచ్చుకునేవారు.

సరే, విచారణ మొదలుపెట్టాను. ఒక మనిషి మేటి అని తేల్చాలంటే అతని గెలుపులు లెక్కపెడితే చాలదు. ఎవరి మీద గెలిచాడు, వాళ్లు ఎంతటివాళ్లు, వాళ్లు అతని గురించి ఏమంటారు అన్నది కావాలి. ఏసుపాదం చేతిలో ఓడినవాళ్లలో అందరికంటే గట్టివాడు కొల్లేటికోట పెద్దిరాజు. రెండుసార్లు పోరాడి రెండుసార్లూ ఓడాడు. మిగతా లైట్ వెయిట్లు ఎవరూ పెద్దిరాజును ఒక్కసారైనా గెలవలేదు. రెండో పోటీ తర్వాత అతను గోదాలోకి రావడం మానేశాడు. ఎందుకు మానేశాడో అప్పుడు నేను కనుక్కోలేదు.

ఆగస్టు మొదట్లో భీమడోలులో రైలు దిగి, బండి మీద కొల్లేటి అంచు దాకా వెళ్లి, తాటిదోనె ఎక్కి కోటకు చేరాను. పెద్దిరాజు ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నాడు. నేను ఎడమవైపు నుంచి వెళ్లి రెండుసార్లు పిలిచినా తలెత్తలేదు. పొగరనుకున్నాను. అతని భార్య లోపలి నుంచి వచ్చి, కుడిపక్కకి రండి బాబుగారూ, ఎడం చెవి పోయిందండి ఆయనకి, అంది. రెండో పోటీలో ఆఖరి రౌండులో తగిలిన కుడిచేతి దెబ్బకు చెవిలో గూబ పగిలిందట. గుద్దు తగిలినప్పుడు నేను గోదా అంచున, అయిదు గజాల దూరంలో ఉన్నాను. శుభ్రమైన దెబ్బ అని డాక్టరు గారితో అన్న గుర్తు.

పోటీల గురించి అడిగాను. ఓడినవాడి మాటకు విలువేముంటుందిలెండి అని వల మీదే చూపు పెట్టుకున్నాడు. నేను సంఘం తరఫున వచ్చాననీ, అతని మాట కాయితం మీదికి ఎక్కుతుందనీ చెప్పాక సూది పక్కన పెట్టాడు.

"లైటువెయిటు చేతులు చాలా తిన్నానండి మేష్టారండీ. ఏ చెయ్యి ఎంత బరువుంటదో ఒంటికి తెలిసిపోద్దండి. ఆయన చెయ్యి మా చెయ్యి కాదండి."

ఓడినవాడి ఉక్రోషం అనుకున్నాను. అయినా నోటుపుస్తకంలో 'దెబ్బ బరువు ఎక్కువ అని ప్రత్యర్థి అభిప్రాయం' అని రాసుకున్నాను. అది ఏసుపాదానికి అనుకూలంగానే పనికొస్తుందని కూడా నా మనసులో ఉంది. చూడండి, ఎంత తెలివి!

తిరుగు ప్రయాణంలో భీమడోలులో సాయంత్రం రైలుకు ఇంకా గంటన్నర ఉంది. వీరాస్వామిని పలకరిద్దామని యార్డుకు వెళ్లాను. కొల్లేటి నుంచి అప్పుడే గంపలు దిగుతున్నాయి. కొర్రమీనులు, మట్టగిడసలు, పైన తడి గోనెపట్టా, కింద నీళ్లు కారుతూ. నాకు పీట వేయించి వీరాస్వామి తన పని తాను చేసుకుంటున్నాడు. ఆ పీట సరిగ్గా దండెకు ఎదురుగా పడింది. మూడేళ్లలో ఆ కాటా దండెను నేను అంత దగ్గర నుంచి చూడటం అదే మొదలు.

గంప ఎక్కింది. గుండు యాభై మీద నిలిచింది. వీరాస్వామి "నలభై ఏడు" అని పిలిచి దండె దించాడు. గుమాస్తా రాసుకున్నాడు. ఇంకో గంప. అదీ దరిదాపు యాభయ్యే. మళ్లీ నలభై ఏడే. గంప బరువు ముందే తీసేశారా అనుకున్నాను, కాని గంపలు తర్వాత విడిగా తూస్తున్నారు. ఉండబట్టలేక అడిగాను. ఇంత చిన్న సంగతి చదువుకున్నవారికి తెలియదా అన్నట్టు చూశాడు.

"తడి సరుకు కదండీ. నూటికి ఆరు తరుగు. అది తియ్యకపోతే కొనేవాడు నీళ్లకి డబ్బు పోసినట్టే కదండీ."

తడిసిన ధాన్యానికి కళ్లాల్లో తరుగు తీయడం మాకు తెలిసిందే. ఇక్కడ చేపకు. నూటికి ఆరు చొప్పున నోటిలెక్కలో తీసేసి, మిగిలిందే పైకి చెబుతాడన్నమాట. కాటా అంకె అతను ఎప్పుడూ పిలవడు, తీసివేయగా మిగిలిన అంకే పిలుస్తాడు. ముప్పై ఏళ్లుగా అదే పని. నాకు ముచ్చటేసింది. రైలుకు ఇంకా టైముంది కదా అని వేళాకోళంగా, అయితే మా బాక్సర్లకు కూడా తరుగు తీశావా ఏమిటి అన్నాను.

వీరాస్వామి నవ్వలేదు.

"పొడిగా వచ్చినోళ్లకి ఎందుకు తీస్తానండీ? గూడెం అబ్బాయి ఒక్కడే కదండీ నీళ్లోడుతూ వచ్చేది. ఆయనకి తీశానండి. ప్రతిసారీ తీశాను."

చేతిలో ఉన్న గొడుగు కిందపడితే వంగి తీసుకోవాలన్న ధ్యాస కూడా లేదు. చేపల వాసన, గుమాస్తా కేకలు, అన్నీ ఎక్కడో దూరంగా జరుగుతున్నట్టు ఉంది. పుస్తకం తీసి వెనకపేజీలో లెక్క వేశాను. నూట నలభై మూడుకు నూటికి ఆరు చొప్పున తీస్తే ఎనిమిదిన్నర పోతుంది. మిగిలేది నూట ముప్పై నాలుగున్నర. మళ్లీ వేశాను. అదే అంకె. నా సొంత దస్తూరీతో మూడేళ్లుగా రాస్తున్న అంకె. ఏసుపాదం లైట్ వెయిట్ కాదు. ఏనాడూ కాదు. తనకంటే చిన్నవాళ్లను వరసగా మూడేళ్లు చావగొట్టాడు, ఆ చావగొట్టడానికి సంతకం పెట్టింది నేను.

వీరాస్వామికి విషయం చెప్పినప్పుడు అతను మొదట నమ్మలేదు. తర్వాత కాటా బల్ల మీద చతికిలబడ్డాడు. ముప్పై ఏళ్లలో తన తూకంలో ఒక్కడు వేలు పెట్టలేదని నెమ్మదిగా అన్నాడు. మనిషికి తరుగు తీయకూడదని తనకెవరూ చెప్పలేదని కూడా అన్నాడు. ఆ మాట నిజమే. చెప్పవలసినవాణ్ణి నేను. అతను తన పని నిజాయితీగా చేశాడు, అదే ఘోరం.

రైలెక్కానే గాని నా బుర్ర ఇంకో దారిన పోయింది. ఏసుపాదానికి ఇది తెలుసేమో. తడిగా వెళితే అంకె తగ్గుతుందని ఎప్పుడో కనిపెట్టి, భక్తి పేరు చెప్పి, మూడు మునకలు వేస్తున్నాడేమో. ఒంట్లో మంట లేచింది. ఏలూరులో దిగి ఇంటికి వెళ్లి పడుకున్నానే గాని కన్ను మూతపడలేదు. మర్నాడు ఉదయం మొదటి బండికి తాడేపల్లిగూడెం వెళ్లాను.

ఏసుపాదాన్ని మిల్లు నుంచి పిలిపించి, ఏమీ చెప్పకుండా స్టేషనుకు తీసుకుపోయాను. పార్సిలు ఆఫీసు గుమాస్తా మా స్కూల్లో చదివినవాడే, కాటా వాడుకోనిచ్చాడు. రైలువాళ్ల మణుగు మన మణుగు కాదు, దానికి మూడింతల పైమాటే. ఈసారి నేనే గుండు జరిపాను, నేనే చూశాను. ఒక మణుగు ఇరవై తొమ్మిదిన్నర సేర్లు. పౌన్లలోకి మారిస్తే నూట నలభై మూడు. తర్వాత అతణ్ణి కాలవకు పంపి, మునిగి రమ్మని, నీళ్లు కారుతుండగానే మళ్లీ ఎక్కించాను. దండె కదిలీ కదలనట్టు ఒక్క పిసరు పైకి లేచింది. పౌనుకు మించలేదు. ఒళ్లు పీల్చే నీళ్లు అంతే.

అప్పుడు జరిగింది చెప్పాను. చెబుతూ అతని మొహమే చూస్తున్నాను. దొంగ అయితే కళ్లు పక్కకు పోతాయని నా అనుభవం. అతని కళ్లు ఎక్కడికీ పోలేదు. కాటా మీద నుంచి దిగడం మరిచిపోయి, తడి నిక్కరుతో అలాగే నిలబడిపోయాడు. ప్లాట్‌ఫారం మీద జనం ఇది గూడెం ఏసుపాదమని గుర్తుపట్టి మూగుతున్నారు. అప్పుడడిగాడు.

"అయితే నేను కొట్టినోళ్లందరూ నాకంటే చిన్నోళ్లాండీ?"

అవునన్నాను. నా అనుమానానికి నాకే సిగ్గేసింది. పెద్దిరాజు చెవి సంగతి అతనికి తెలుసా అని అడిగితే తెలియదన్నాడు. చెప్పాను. చెప్పకుండా ఉండవలసిందేమో, కాని ఆ ఉదయం నా నోరు నా వశంలో లేదు.

ఏలూరు వచ్చి డాక్టరు గారికి మొత్తం విన్నవించాను. ఆయన కళ్లజోడు తీసి మేజా మీద పెట్టారు. తర్వాత ఒక దారి చెప్పారు. మద్రాసు పోటీలకు ఇంకా ఆరు వారాలుంది. తిండి తగ్గించి, పరిగెత్తించి ఎనిమిది పౌన్లు దించితే అక్కడి కాటా మీద అతను న్యాయంగానే నూట ముప్పై అయిదు తూగుతాడు. అది నిబంధనలకు విరుద్ధం కూడా కాదు. పాతవి పాతవే. ఆ అబ్బాయికి ఉద్యోగం వస్తుంది. ఇక మీ ఉద్యోగం సంగతి అంటూ ఆయన ఆగిపోయారు. నాకు అర్థమైంది. తూకం సరిచూడకుండా మూడేళ్లు సంతకాలు పెట్టానని తెలిస్తే పోటీల బాధ్యతలే కాదు, స్కూల్లో ఇంక్రిమెంటు కూడా పోతుంది.

ఆయన చెప్పిన దాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. కాని మద్రాసువాళ్లు అడిగింది అతను ఆ తూకానికి దిగగలడా అని కాదు. ఆ తరగతిలో జిల్లాకల్లా మేటి అవునా అని. ఆ తరగతిలో అతను ఒక్క పోటీ కూడా ఆడలేదు. తొమ్మిది గెలుపులున్నాయి గాని అవి ఏ తరగతికీ చెందనివి. ఇదంతా నాకు ఆ సాయంత్రమే స్పష్టంగా తెలుసు. అయినా రెండు రోజులు కాయితం ముందు కూర్చుని కలం ముట్టలేదు. ఆ రెండు రోజులూ నేను ఆలోచించింది ఏసుపాదం గురించి కాదని ఒప్పుకోవాలి.

మూడోనాడు పొద్దున్న స్కూలు గంట కొట్టకముందే ఏసుపాదం వచ్చాడు. కాళ్లకు మోకాళ్ల దాకా కొల్లేటి బురద. కోటకు వెళ్లి వస్తున్నానన్నాడు. పెద్దిరాజుకూ అతనికీ మధ్య ఏం మాటలు జరిగాయో నాకు తెలియదు, ఇద్దరిలో ఎవరూ ఎన్నడూ చెప్పలేదు. డాక్టరు గారు చూపిన దారి నేను అతనికి చెప్పాను. చెప్పడం నా ధర్మం. తల అడ్డంగా ఊపాడు.

"లైటువెయిటులో నా పేరు కొట్టేయండి మేష్టారండీ. నాతో సమానం ఉన్నోడు ఎవడైనా ఉంటే చూడండి, వాడితో కడతాను."

అతను వెళ్లాక గంట కొట్టారు. మొదటి పీరియడు డ్రిల్లు మానేసి కాయితం రాశాను. ఏసుపాదం అసలు తూకం, కాటా దగ్గర జరిగిన పొరపాటు, నిబంధన ప్రకారం రెండో కన్ను నాది కావలసి ఉండగా నేను లేచి చూడకపోవడం, తొమ్మిది పోటీల తేదీలు, అన్నీ వరసగా. చివర్లో అడిగిన ప్రశ్నకు జవాబు: లైట్ వెయిట్‌లో జిల్లాకల్లా మేటి కొల్లేటికోట పెద్దిరాజు. తన తూకం వాడెవడి చేతిలోనూ అతను ఓడిపోలేదు. వినికిడి పోయినందువల్ల పోటీకి పంపలేము. డాక్టరు గారు చదివి సంతకం పెట్టారు. అంతకుముందు ఆయన చూపిన దారిని నేను ఇక్కడ రాశాను గాని, సంతకం పెట్టడానికి ఆయన ఒక్క క్షణం కూడా తటపటాయించలేదన్నది కూడా రాయాలి.

మద్రాసు నుంచి రెండు ముక్కల జవాబు వచ్చింది. ఆ ఏడు మా జిల్లాకు లైట్ వెయిట్ లేదు. నన్ను ఏడాదిపాటు తూకం బాధ్యత నుంచి తప్పించారు. ఇంక్రిమెంటు ఆగింది. ఫలితాల మాటకొస్తే, సంతకం పడిన పోటీలు సంతకం పడినట్టే ఉంటాయి, మార్చడానికి నిబంధన లేదని రాశారు. ఏసుపాదం వెల్టర్ వెయిట్‌లో మొదటి ఏడు మొదటి పోటీలోనే ఓడాడు. పై ఏడు గెలిచాడు. ఆ పై ఏడు మళ్లీ ఓడాడు. మంచి బాక్సరు, మేటి కాదు. రైల్వే ఉద్యోగం రాలేదు. రేకుపెట్టె మీద 'మద్రాసు' అన్న మాట చెరిపించాడో లేదో నేను చూడలేదు. వీరాస్వామి మాత్రం పోటీలకు కాటా తెస్తూనే ఉన్నాడు. నా బదులు వచ్చిన తూకం అధికారి చెప్పగా విన్నాను, ఎక్కిన ప్రతివాణ్ణీ ముందు "తడా, పొడా అండీ?" అని అడిగి, తుండుగుడ్డ ఇచ్చి తుడుచుకోమనేవాడట.

మద్రాసు జవాబు పట్టుకుని నేను మరోసారి కోటకు వెళ్లాను. వెళ్లకపోయినా ఎవరూ అడిగేవారు కారు. పెద్దిరాజు కుడిపక్కన కూర్చుని మా నివేదిక నకలు మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను. మేటి అన్న మాట దగ్గర గొంతు కొంచెం పెంచాను. అతని భార్య గడపలో నిలబడి వింది. ఓటములు మాత్రం పుస్తకాల్లో ఓటములుగానే ఉంటాయని కూడా చెప్పాను. అతనికి కోపం వస్తుందనుకున్నాను, లేదా సంతోషం. రెండూ రాలేదు. నేను చదివిన కాయితం తీసుకుని మడతపెట్టి చూరులో దోపాడు. తర్వాత ఎంతో మర్యాదగా, తెలుసుకుందామని అడిగినట్టుగా అడిగాడు.

"రెండుసార్లూ మేజా దగ్గర మీరే కూర్చున్నారు కదండీ. కాటా మీకెంత దూరంలో ఉందండీ?"

నాలుగడుగులు అన్నాను. ఆయ్, అన్నాడు. వల దగ్గరికి వెళ్లిపోయాడు.

ఏడాది తర్వాత తూకం బాధ్యత మళ్లీ నాకిచ్చారు. ఆ పైన ఇరవై రెండేళ్లు, జిల్లా వ్యాయామ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యేదాకా, కాటా ఉన్నచోట నేను కుర్చీలో కూర్చోలేదు. దండె పక్కన నిలబడి, గుండు ఆగిన గీత నా కళ్లతో చూసి, అదే అంకె రాశాను. ఎదటివాడు ఎంత పెద్దమనిషైనా సరే. కొందరు నొచ్చుకున్నారు, నొచ్చుకోనిచ్చాను. ఒక మనిషి తన తరగతిలో మేటి అవునా కాదా అని తేల్చేముందు, అతను అసలు ఆ తరగతివాడేనా అని లేచి చూడాలి. నేను మూడేళ్లు లేవలేదు. లేచి నడవవలసింది నాలుగడుగులే.